మూడు ఖాళీలు, పదకొండో నంబరు

ప్రశ్న: నేను కందుకూరులో ఒక ప్రభుత్వ శాఖలో సీనియర్ అసిస్టెంట్‌ని. 2009లో బీసీ-డి కోటాలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. 2015లో సీనియర్ అసిస్టెంట్ అయ్యాను. జోన్-3 సీనియారిటీ జాబితాలో నాది 11వ నంబరు. మొన్న మూడు సూపరింటెండెంట్ పోస్టులు నింపారు. ఒకటో నంబరుకు, రెండో నంబరుకు ఇచ్చి, తర్వాత ఏకంగా 19వ నంబరుకు ఇచ్చారు. ఆయన ఎస్సీ. నా పక్క సీటే. ఆరేళ్లు మధ్యాహ్నం క్యారియర్లు కలిపి పెట్టుకుని తిన్నాం. ఆర్డర్లు వచ్చిన రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు, ఆయనతో మాట కూడా సరిగా రావడం లేదు. నన్ను దాటి ఎనిమిది నంబర్ల వెనక ఉన్న మనిషికి ఎట్లా ఇస్తారు? బీసీలకు ప్రమోషన్లలో కోటా లేదా? 2022లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు కదా, దానివల్ల నా సీనియారిటీ ఏమన్నా దెబ్బతిందా? మా ఆయన హైకోర్టుకు పోదామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కందుకూరు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివి రెండు అంకెల కింద గీత గీశాను. ఒకటి మీ నంబరు, 11. రెండోది ఖాళీలు, 3.

రోస్టర్, అంటే ఏ ఖాళీ ఏ వర్గానికి వెళ్లాలో వరసగా చెప్పే పట్టిక, కాసేపు అదే లేదనుకుందాం. మూడు ఖాళీలూ సీనియారిటీ ప్రకారమే నింపారనుకుందాం. ఎవరికి వచ్చేవి? 1, 2, 3 నంబర్లకు. మీకు కాదు. ఆ రోజు చేతిదాకా వచ్చిన ప్రమోషన్ పోగొట్టుకున్న మనిషి ఎవరైనా ఉంటే అది మూడో నంబరు ఆయన, లేదా ఆవిడ. మీకు జరిగిన తేడా ఎంతో కూడా లెక్క వేశాను. ముగ్గురూ మీ ముందు వాళ్లే పోయుంటే మీరిప్పుడు 8వ నంబరులో ఉండేవారు. ఇద్దరే పోయారు కాబట్టి 9లో ఉన్నారు. ఒక్క మెట్టు. అది తేడానే, కాదనను. కానీ మీరు రాసిన తీరు చూస్తే మీ పోస్టే ఎవరో ఎత్తుకుపోయినట్టు ఉంది. అట్లా జరగలేదు.

మీ వరస కదలకపోవడానికి పెద్ద కారణం వేరే ఉంది, దాన్ని మీ ఉత్తరంలో ఎక్కడా తలవలేదు. 2022 జనవరి 1 నుంచి రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 అయింది. 2022లో, 2023లో దిగిపోవాల్సిన వాళ్లంతా కుర్చీల్లోనే ఉండిపోయారు. ఆ రెండేళ్లూ వయసు నిండి ఖాళీ అయిన పోస్టులు దాదాపు లేవు. పైవాళ్లు దిగకపోతే కింది వరసంతా ఆగినట్టే కదా. దాని మీద ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే ఆ రెండేళ్లు రేపు మనకూ వస్తాయి!

మా వాళ్లు ఎన్జీవో హోమ్ (నాన్-గెజిటెడ్ ఉద్యోగుల సంఘం భవనం) మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ 'అంతా కోటా మహిమ' అంటుంటారు. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. మొదటిది, ఒక కేడర్‌లో, అంటే ఒకే హోదా పోస్టుల సమూహంలో, ఎన్ని పోస్టులు నేరుగా నియమించాలి, ఎన్ని ప్రమోషన్ మీద నింపాలి అనే వాటా. టీచర్లకు స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 70 శాతం ప్రమోషన్‌కు, 30 శాతం నేరుగా అన్నది ఇలాంటిదే. రెండోది, పై పోస్టుకు కింద రెండు మూడు రకాల ఉద్యోగులు అర్హులైనప్పుడు వాళ్ల మధ్య వంతు, అంటే ఇన్ని ఈ కేటగిరీకి తర్వాత ఒకటి ఆ కేటగిరీకి అని. మూడోది ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్. ఎవరికి ప్రమోషన్ రాకపోయినా తప్పు ఈ మూడోదాని మీదే వేసేస్తారు. నేను చూసిన కేసుల్లో సగానికి పైగా గొడవ మొదటి రెండింటిలోనే ఉండేది. మీ విషయంలో మాత్రం మూడోదే కాబట్టి దాని దగ్గరికే వద్దాం.

బీసీ సంగతి ముందు తేల్చేస్తాను. లేదమ్మా. బీసీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ లేదు. మీ బీసీ-డి కోటా ఉద్యోగంలో చేరేటప్పుడు పనికొచ్చింది, అక్కడితో దాని పని అయిపోయింది. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల 10 శాతం కూడా ప్రమోషన్లకు వర్తించదు. మహిళల కోటా కూడా నియామకాలకే. 1992 నవంబరులో మండల్ కేసు తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, ప్రమోషన్లలో రిజర్వేషన్ ఉండకూడదంది. అప్పటికి ఉన్నవి మాత్రం ఐదేళ్లు నడవనిచ్చింది. ఆ గడువు తీరకముందే 1995లో పార్లమెంటు 77వ సవరణ తెచ్చి రాజ్యాంగంలో 16(4ఎ) అధికరణ చేర్చింది, అదీ ఎస్సీ, ఎస్టీలకు మాత్రమే. బీసీలకు కూడా ఇవ్వాలని అడిగేవాళ్లు ఉన్నారు. అది రాజకీయంగా తేలాల్సిన విషయం, మీ ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చేతిలో లేదు. దివ్యాంగులకు 2016 చట్టం కింద ప్రమోషన్లలో ఉన్నది వేరే దారి. అది మీ కేసుకు సంబంధం లేదు.

మన రాష్ట్రంలో ఇప్పటి పద్ధతికి పునాది 2003 ఫిబ్రవరి 14న సాంఘిక సంక్షేమ శాఖ ఇచ్చిన జీవో నంబరు 5. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, ఐదుకు మించి పోస్టులున్న కేడర్లలో. ఏళ్ల తరబడి వాడుతూ వస్తున్న వంద పాయింట్ల పట్టికలో 2, 7, 16, 22, 27 ఎస్సీలవి. 8, 25, 33 ఎస్టీలవి. అట్లా వందదాకా సాగుతుంది. కేడర్‌లో పోస్టులన్నీ ఒకసారి నిండేదాకా, ప్రతి ప్రమోషన్‌కూ రిజిస్టర్‌లో క్రితంసారి ఆగిన పాయింట్ తర్వాతి నుంచి మొదలుపెడతారు. మీ మూడు ఖాళీలు 21, 22, 23 పాయింట్ల మీద పడ్డాయనుకోండి. 21 ఒకటో నంబరుకు, 23 రెండో నంబరుకు. 22 ఎస్సీ పాయింటు కాబట్టి జాబితాలో అర్హత ఉన్న మొదటి ఎస్సీ ఉద్యోగి ఎక్కడున్నారో వెతుకుతారు. 19లో ఉన్నారు. ఆయన మిమ్మల్ని 'దాటి' రాలేదు. ఆ పాయింటు దగ్గర వరసలో మీరు లేరు.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. చెబితే నాకే చిన్నతనం, అయినా చెబుతాను.

నేను సర్వీసులో ఎక్కువ భాగం ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లోనే గడిపాను. ఇరవై ఏళ్ల కింద ఒక ఆఫీసుకు బదిలీ అయి వెళ్లి చార్జ్ తీసుకున్నాను. రోస్టర్ రిజిస్టర్ అంటే పెద్ద నిలువు పుస్తకం, ఎర్రగుడ్డ బైండింగ్, మూలలు ఊడిపోయి దారాలు వేలాడుతుండేవి. పాయింటు నంబరు, కేటగిరీ, ఉద్యోగి పేరు, ఆర్డర్ నంబరు, తేదీ, ఆఫీసరు సంతకం, ఇవీ గడులు. ఎస్సీ, ఎస్టీ పాయింట్లు ఎర్ర సిరాతో. 16వ పాయింటు ఎదురుగా పేరు లేదు. పెన్సిల్‌తో సన్నగా 'అర్హులు లేరు, క్యా.ఫా.' అని ఉంది. క్యారీ ఫార్వర్డ్ అని, అంటే ఆ పాయింటును వదిలేయకుండా తర్వాతి ప్రమోషన్లకు మిగిల్చి ఉంచాలని. నాకు ముందున్న గుమాస్తా రాసింది. సంతకం లేని పెన్సిల్ రాతేందిలే అని నేను రబ్బరుతో తుడిచేశాను. తుడిచి, 17 నుంచి కొత్త ప్యానెల్‌కు, అంటే ప్రమోషన్ ఇవ్వాల్సినవాళ్ల జాబితాకు, పాయింట్లు వేసి ఫైలు పైకి పంపాను. పైవాళ్లు కూడా చూడకుండానే సంతకాలు పెట్టారు.

అప్పటికి అకౌంట్స్ టెస్ట్ పాసై అర్హత తెచ్చుకున్న ఎస్సీ ఉద్యోగి ఒకాయన ఉన్నారు. 16వ పాయింటు ఆయనది. ఆయన రెండేళ్లు ఆగి, మనసొప్పక పిటిషన్ పెట్టుకుంటే రిజిస్టర్ తీశారు. గడిలో రబ్బరు మచ్చ అట్లాగే ఉంది. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాసుకున్నాను. ఆయనకు నోషనల్‌గా, అంటే కాగితం మీద మాత్రం, పాత తేదీ ఇచ్చారు గానీ రెండేళ్ల జీతం తేడా చేతికి రాలేదు. ఆర్డర్ అందుకున్న రోజు ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చి 'రిజిస్టర్‌లో ఇంక్‌తో రాయండి సార్' అన్నారు, అంతే. అందుకే రోస్టర్ వల్ల నష్టపోయామని ఎవరు రాసినా, నేను ముందు రిజిస్టర్ చూశారా అని అడుగుతాను. తప్పు ఎటువైపైనా జరగొచ్చు.

మీ రిజిస్టర్‌లో తప్పు ఉండకూడదనేం లేదు. ఎక్కడ వెతకాలో చెబుతాను, ఇది కొంచెం నిదానంగా చదవండి. 1995 ఫిబ్రవరిలో సబర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది: రోస్టర్ పోస్టులను బట్టి నడవాలి, ఖాళీలను బట్టి కాదు. అర్థం ఏందంటే, మీ జోన్‌లో మొత్తం సూపరింటెండెంట్ పోస్టులు 30 ఉన్నాయనుకుందాం. 15 శాతం అంటే నాలుగున్నర. పట్టికలో 30లోపు ఎస్సీ పాయింట్లు ఐదు. ఆ ఐదు సీట్లలో ఐదుగురూ ఉంటే ఎస్సీ వాటా నిండినట్టు. ఇక కేడర్ నిండిన తర్వాత ఎవరు రిటైరైతే ఆ సీటు ఆ కేటగిరీదే. జనరల్ పాయింటు మీదున్న మనిషి దిగితే జనరల్ లెక్క, ఎస్సీ పాయింటు మీదున్న మనిషి దిగితే ఎస్సీ లెక్క. ఖాళీ వచ్చినప్పుడల్లా 22, 23, 24 అని గానుగెద్దులా తిప్పుకుంటూ పోతే వాటా ఎక్కువైనా అవుతుంది, తక్కువైనా అవుతుంది.

కాబట్టి మీరు అడగాల్సింది 'నన్నెందుకు దాటారు' అని కాదు. ఆ మూడు ఖాళీలు ఎవరు దిగితే వచ్చాయి, వాళ్లు ఏ పాయింట్ల మీద ఉన్నవాళ్లు, ఆ రోజుకు కేడర్‌లో ఎస్సీలు ఎంతమంది ఉన్నారు. ఐదుకు నలుగురే ఉంటే 19వ నంబరు ఆయన ప్రమోషన్ నూటికి నూరుపాళ్లు సరైనదే, దాని మీద ఒక్క నిమిషం కూడా టెన్షన్ పడొద్దు. అప్పటికే ఐదుగురు ఉండి, దిగిన ముగ్గురూ జనరల్ వాళ్లయితే, అప్పుడు అభ్యంతరం పెట్టడానికి ఆధారం ఉంది. అది కూడా ముందు పెట్టాల్సింది మూడో నంబరు వాళ్లు.

రాష్ట్రం తన దగ్గర లెక్కలు పెట్టుకోవాలన్నది కూడా సుప్రీంకోర్టు మాటే. 2006లో నాగరాజ్ కేసు, 2018లో, 2022లో జర్నైల్ సింగ్ కేసు, ఈ మూడింటి సారం మీకు అవసరమైనంత వరకు ఇంతే: ప్రాతినిధ్యం సరిపోయిందా లేదా అన్నది మొత్తం సర్వీసును కలిపి చూడకూడదు, కేడర్ కేడర్‌గా చూడాలి. మీ కేసులో ఆ కేడర్ అంటే జోన్-3 సూపరింటెండెంట్లు.

జోన్ అన్నాం కాబట్టి కందుకూరు సంగతి. దీనికి మీరు అనవసరంగా భయపడుతున్నారు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులో పాత గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడూ కలిసే జోన్-3. మీరున్నది జోనల్ జాబితాలో. కందుకూరును ఒంగోలు వైపు ఉంచినా నెల్లూరు వైపు కలిపినా ఆ జాబితాలో మీ నంబరు మారదు. జిల్లా కేడర్‌లో ఉండే జూనియర్ అసిస్టెంట్లు ఈ ప్రశ్న అడిగితే వేరే జవాబు రాయాల్సి వచ్చేది. 2022లో మీకు మారిందల్లా హెడ్ క్వార్టర్స్‌కు బస్సు ప్రయాణం. ఒంగోలు అయితే గంటలో చేరేవారు, నెల్లూరంటే అంతకు రెట్టింపు పట్టేది. అది నిజమైన బాధే.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, ముందుముందు మీకు తగిలేది అదే. 19వ నంబరు ఆయన ఇప్పుడు సూపరింటెండెంట్. రేపు మీరూ సూపరింటెండెంట్ అయితే పాత సీనియారిటీ ప్రకారం మళ్లీ ఆయన పైకి వెళ్తారా? ఒకప్పుడు వెళ్లేవారు. తొంభైల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల, వెనక నుంచి వచ్చిన జనరల్ ఉద్యోగి పై కేడర్‌లో తన పాత స్థానం తిరిగి పట్టుకునేవాడు. 2001లో 85వ రాజ్యాంగ సవరణ అది తీసేసింది. 1995 జూన్ 17 నుంచి అమలయ్యేట్టు, రిజర్వేషన్ మీద ప్రమోషన్ పొందిన వాళ్లకు ఆ ప్రమోషన్ తేదీ నుంచి సీనియారిటీ కూడా ఇచ్చే వీలు రాష్ట్రాలకు కల్పించింది. అందువల్ల ఆయన ఇక మీకు సీనియరే అనుకుని లెక్కలు వేసుకోండి. ఇది నచ్చినా నచ్చకపోయినా, 'మా జూనియరే కదా' అనే మాట ఆఫీసులో వాడకండి. చట్టప్రకారం కూడా అది తప్పు మాట.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని. సూపరింటెండెంట్ గెజిటెడ్ పోస్టు కాదు కాబట్టి సీనియారిటీ, దానికి తోడు ఫిట్‌నెస్ చూస్తారు. మొదటి గెజిటెడ్ మెట్టు నుంచి మాత్రం ప్రతిభ, సామర్థ్యం ముందు వస్తాయి. ప్యానెల్ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా. సెప్టెంబర్ 1 నాటికి మీ శాఖ రూల్స్‌లో ఉన్న డిపార్ట్‌మెంటల్ టెస్టులన్నీ పాసై ఉండాలి. పాసైన ఫలితం మీ ఎస్‌ఆర్‌లో, అంటే సర్వీస్ రిజిస్టర్‌లో, ఎక్కిందా? ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా రాయలేదు మీరు. సీనియారిటీ 4లో ఉండి టెస్టు ఎంట్రీ లేక ఏడాది కోల్పోయిన వాళ్లను చూశాను. టెస్టులు పాసయ్యానని చెప్పుకోవడం కాదు, ఎస్‌ఆర్ తెరిచి ఆ పేజీ కళ్లతో చూడండి. చార్జ్ మెమో ఏదైనా పెండింగ్ ఉంటే అది కూడా ప్రమోషన్‌కు అడ్డం, ముందు దాన్ని తెమిలించుకోండి. మీ ముందున్న ఎనిమిది మందిలో ఎవరు ఏ నెలలో 62 నిండి దిగుతారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరైనా ప్రమోషన్ వద్దని రాసిచ్చారేమో కూడా కనుక్కోండి. బదిలీ భయంతో అట్లా వదులుకునే వాళ్లు ప్రతి శాఖలో ఉంటారు. మీరు మాత్రం ఆ పని ఆలోచించకుండా చేయొద్దు. 'ఈ ఒక్కసారికి వద్దు' అని తాత్కాలికంగా వదులుకునే వీలు మన రూల్స్‌లో లేదు.

ప్రమోషన్ ఆలస్యమైనా జీతం పూర్తిగా ఆగదు. ఒకే పోస్టులో 6, 12, 18, 24, 30 ఏళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్, అంటే ప్రమోషన్ లేకుండానే జీతంలో పెంపు, ఉంది. 2015 నుంచి సీనియర్ అసిస్టెంట్ అంటే ఆరేళ్లది ఇప్పటికే వచ్చి ఉండాలి. పన్నెండేళ్లదానికి పై పోస్టు అర్హతలు, అంటే మళ్లీ ఆ టెస్టులే అడుగుతారు.

కోర్టు గురించి. ట్రైబ్యునల్ ఇప్పుడు లేదు, ఉద్యోగుల కేసులన్నీ నేరుగా హైకోర్టుకే. మీ ఆయనతో చెప్పండి: ఆ ప్రమోషన్ కొట్టేయమని పిటిషన్ వేస్తే 19వ నంబరు ఆయన్ని ప్రతివాదిగా చేర్చాల్సిందే. చేర్చకపోతే ఆ ఒక్క కారణంతోనే కేసు పోతుంది. పక్క సీట్లో మనిషికి ఇంటికి కోర్టు నోటీసు వెళ్తుంది. మూడో నంబరు ఊరుకుంటే, 11వ నంబరు వేసిన కేసులో 'మీకు జరిగిన నష్టమేంటి' అనేదే జడ్జి మొదటి ప్రశ్న అవుతుంది. దానికి మీ దగ్గర గట్టి జవాబు లేదు. నేనైతే వెళ్లొద్దంటాను. అట్లాగని చేతులు ముడుచుకుని ఏళ్లు గడిపినా ప్రమాదమే. సీనియారిటీ గొడవల్లో ఆలస్యంగా వచ్చిన వాళ్ల మాట కోర్టులు వినవు. తాత్కాలిక సీనియారిటీ జాబితా సర్క్యులేట్ అయినప్పుడు ఇచ్చిన గడువులోపే, తేడా ఉంటే కాగితం మీద పెట్టండి. ఆఫీసరు ద్వారానే పంపండి, ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర పెట్టుకోండి.

సమాచార హక్కు కింద అడగడం ఈలోపు చేయదగిన పని. గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. మీ దరఖాస్తు జోనల్ జాబితా తయారుచేసే ఆఫీసుకు కాబట్టి 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు. దరఖాస్తులో 'అన్యాయం' అని, 'వివరణ ఇవ్వగలరు' అని రాయకండి. 'వివరణ ఇవ్వడం మా పని కాదు' అని తిప్పి పంపేస్తారు. కాగితాల పేర్లు అడగండి: సూపరింటెండెంట్ కేడర్ రోస్టర్ రిజిస్టర్‌లో మొన్నటి ప్యానెల్ పేజీ, దానికి ముందు పేజీ, ప్యానెల్ నాటికి కేడర్‌లో ఉన్నవాళ్ల జాబితా, ఒక్కొక్కరి పాయింటుతో, ఆ మూడు ఖాళీలు ఏర్పడిన తేదీలు, కారణాలు. అంతే.

ఇక ఆ క్యారియర్. ఆయన మిమ్మల్ని అడిగి ప్రమోషన్ తీసుకోలేదు, మీరు ఆయన్ని అడిగి బీసీ-డి కోటాలో ఉద్యోగం తీసుకోలేదు. కొత్త సూపరింటెండెంట్ కాబట్టి ఎట్లాగూ ఆయన సీటు మారుతుంది, ఊరు కూడా మారొచ్చు. వెళ్లేలోపు ఒక మధ్యాహ్నం ఎప్పటిలా డబ్బా తెరిచి ముందుకు జరపండి.

నకళ్లు చేతికొచ్చాక ఆ రిజిస్టర్ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. గడుల్లో పెన్సిల్ రాత ఏమన్నా కనపడితే దాన్ని వేలితో కూడా తాకొద్దు.